రొయ్యల గుంటే ల్యాబ్ అయితే, రైతే ఎలుక

"బయాలజీ కూడా చివరికి డేటా సమస్యే కదా బాసూ!" ఈ ముక్క మన సాఫ్ట్‌వేర్ జనాల నోట వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. ఆఫీసు క్యాంటీన్లో ఇదే, వాట్సాప్ గ్రూపుల్లో ఇదే, ఊరెళ్తే పెళ్ళి భోజనాల దగ్గర కూడా ఇదే. ఆల్ఫాఫోల్డ్ వచ్చేసింది, ఇంకా ఈ టెస్టు ట్యూబులు, ఎలుకలు ఎందుకు, ఓ మోడల్ ట్రైన్ చేసి పడేస్తే రోగమేదో మందేదో అదే చెప్తుందట. తమాషా ఏంటంటే, ఈ మాట అనే నెల్లూరోళ్ళలో చాలామందికి ఊళ్ళో రొయ్యల గుంటలున్నాయి. సొంతవి కాకపోతే బావమరిదివి. అందులో జీతం డబ్బులు పెట్టి, పంట పోయాక "ఈసారి లక్కు లేదు" అని చేతులు దులుపుకునేదీ వీళ్ళే.

నేను చెప్పదల్చుకున్నది ముందే చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా తిట్టుకోవచ్చు. నెల్లూరు తీరంలో రొయ్యల రైతు మునిగేది లక్కు లేక కాదు. ఒక పరాన్నజీవి పేగుల దగ్గర జీవకణంలోకి ఎలా దూరుతుందో, దాన్ని ఏది ఆపుతుందో, పంట పణంగా పెట్టకుండా పరీక్షించి చూసుకునే ప్రయోగ నమూనా మన దగ్గర సరైనది లేక. అది లేదు గనక రైతు గుంటే ల్యాబ్ అయింది, రైతే ఎలుక అయ్యాడు. ఒక్కటే తేడా. ల్యాబ్‌లో ఎలుకకి మేత ఉచితం. ఇక్కడ ఎలుకే అప్పు చేసి మేత కొనుక్కుంటుంది.

ముందు ఆ పరాన్నజీవి సంగతి

పేరు ఎంటెరోసైటోజూన్ హెపటోపెనై. పలకడానికి నోరు తిరగదు కాబట్టి ఇందుకూరుపేట నుంచి అల్లూరు దాకా అందరూ ఈహెచ్‌పీ అనే అంటారు. థాయిలాండ్‌లో టైగర్ రొయ్యలు ఎదక్కుండా ఉండిపోతుంటే 2004లో దీని జాడ తెలిసింది, 2009లో పేరు పెట్టారు. సరిగ్గా ఆ 2009లోనే మన దేశంలో వనామీ రొయ్య పెంపకానికి తలుపులు తెరిచారు. మన పెంపకపు వనామీలో ఈహెచ్‌పీ ఉందని చెన్నైలోని సీబా శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించారు. సీబా అంటే ఉప్పునీటి ఆక్వా మీద పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ.

మా పెద్దవాళ్ళకి గుర్తున్న రోగం వేరే. 1994లో మొదలైన వైట్ స్పాట్. అది వచ్చిందంటే వారం పది రోజుల్లో గుంటంతా తేలిపోయేది. వైట్ స్పాట్ బందిపోటు అనుకుంటే, ఈహెచ్‌పీ ఇల్లరికపు అల్లుడు. చంపదు. తింటూ కూర్చుంటుంది. రొయ్య బతికే ఉంటుంది, మేత తింటూనే ఉంటుంది, ఎదగదు అంతే. 110 రోజులకి 40 కౌంట్ వస్తుందనుకున్న గుంట 100 కౌంట్ దగ్గర ఆగిపోతుంది. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు అని. 40 కౌంట్ అయితే ఒక్కోటి 25 గ్రాములు, 100 కౌంట్ అయితే 10 గ్రాములు. ఖర్చులో సగం పైన మేతదే. ఆ మేతంతా ఎటు పోయినట్టు?

దీనివల్ల దేశానికి ఏడాదికి సుమారు 4 వేల కోట్ల రూపాయల నష్టమని సీబా వాళ్ళు 2021లో ఒక అంచనా ప్రచురించారు. 2023-24లో మన దేశం ఎగుమతి చేసిన గడ్డకట్టిన రొయ్యల విలువ 40 వేల కోట్ల చిల్లర. పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఎగుమతి లెక్క ప్రతి ఏడాదీ పేపర్లో మొదటి పేజీలో వస్తుంది. రెండోది ఎక్కడా కనపడదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మనవాళ్ళంతా ట్రంపుని తిట్టారు. తిట్టాల్సిందే. కానీ ఈహెచ్‌పీ వేసే సుంకం అంతకు పదేళ్ళ ముందు నుంచీ ఉంది. దాన్ని ఎవరూ తిట్టలేదు.

ఒక మాట, భయపడకండి. ఈహెచ్‌పీ మనుషులకి సోకదు. రొయ్యల వేపుడు నిరభ్యంతరంగా తినొచ్చు :)

కొక్కెం వేసి కరెంటు లాక్కునే రకం

ఇది మైక్రోస్పోరిడియా అనే జాతిది. దీని బీజాణువు పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉంటుంది. అందులో ఒక గొట్టం స్ప్రింగులా అయిదారు చుట్లు చుట్టుకుని ఉంటుంది. రొయ్య కడుపులోకి వెళ్ళగానే ఆ గొట్టం ఫట్‌మని బయటకి తన్నుకొచ్చి పక్కనున్న కణానికి తగులుకుంటుంది. బీజాణువు లోపలి సరుకంతా ఆ గొట్టంలోంచి జారి కణంలోకి పోతుంది. ఇంజెక్షన్ సూది లాంటిదన్నమాట. ఇదంతా రొయ్య తలకాయలో ఉండే జీర్ణగ్రంథిలో జరుగుతుంది, మన రైతులు దాన్ని లివర్ అంటారు.

అసలు కథ లోపలికి వెళ్ళాక. ఇంటర్‌లో గ్లైకాలిసిస్ అని పది మెట్ల రసాయన చర్య బట్టీ పట్టాం గుర్తుందా? గ్లూకోజ్ నుంచి శక్తి తయారుచేసుకునే ఆ పనిముట్టు దాదాపు ప్రతి ప్రాణికీ ఉంటుంది. ఈహెచ్‌పీకి లేదు. పరిణామంలో ఆ జన్యువులు పారేసుకుంది. మరి శక్తి ఎక్కణ్ణుంచి? కరెంటు తీగ మీద కొక్కెం వేసి లాక్కున్నట్టు, రొయ్య కణం తయారుచేసుకున్న ఏటీపీని నేరుగా లాక్కుంటుంది. రొయ్య ఎదక్కపోవడంలో ఆశ్చర్యమేముంది చెప్పండి.

సరిగ్గా ఇక్కడే ల్యాబుల వాళ్ళకి చిక్కొచ్చి పడింది. పరాన్నజీవులన్నీ ఒక రకం కాదు. అమీబా విరేచనాలు తెప్పించే ఎంటమీబా పేగు కణాల బయట బతకగలదు. అందుకే దాన్ని వేరే ఏ సూక్ష్మజీవీ తోడు లేకుండా టెస్టు ట్యూబులో పెంచడం 1961లోనే సాధించారు. ట్యూబులో పెరిగే దాని మీద వంద మందులు వరసగా వేసి చూడొచ్చు. ఈహెచ్‌పీ అలా కాదు. సొంత కరెంటు లేనిదాన్ని ట్యూబులో ఎలా పెంచుతారు? దానికి బతికున్న కణం కావాలి. ఏ కణమైనా సరిపోదు, దానికి నచ్చిన కణమే కావాలి.

మనుషుల పేగుల విషయంలో ఏం జరిగింది

ఇది రొయ్యల గొడవేగా అని వదిలెయ్యకండి. మన పేగులదీ ఇదే కథ, కాస్త ముందు నడిచిన కథ.

ప్రయోగ నమూనా అంటే మన భాషలో స్టేజింగ్ ఎన్విరాన్‌మెంట్. కావాలన్నప్పుడు ఇన్ఫెక్షన్ తెప్పించగలగాలి, ఎంత వచ్చిందో లెక్కపెట్టగలగాలి, రేపు ఇంకో ఊళ్ళో ఇంకొకడు చేసినా అదే ఫలితం రావాలి. బగ్ రిప్రొడ్యూస్ కాకపోతే మనం ఏం చేస్తాం? టికెట్ క్లోజ్ చేస్తాం. సైన్సులోనూ అంతే. రిప్రొడ్యూస్ కాని రోగాన్ని ఏళ్ళ తరబడి పక్కన పెడతారు.

ఉదాహరణకి చిన్నపిల్లల విరేచనాలు. ఆఫ్రికా, దక్షిణాసియాల్లో ఏడు చోట్ల (అందులో కలకత్తా ఒకటి) చేసిన పెద్ద అధ్యయనం 2013లో వచ్చింది. ఏడాది లోపు పిల్లల్లో తీవ్రమైన విరేచనాలకి మొదటి కారణం రోటావైరస్, రెండోది క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి. మొదటిది ల్యాబు కణాల్లో పెరుగుతుంది. పెరుగుతుంది కాబట్టే మన హైదరాబాదు భారత్ బయోటెక్ దాన్ని వెరో కణాల్లో పెంచి రోటావాక్ టీకా చేసింది, 2014లో లైసెన్సు వచ్చింది. రెండోదానికి టీకా లేదు. అమెరికాలో ఆమోదం ఉన్న మందు ఒక్కటే, నిటాజోక్సనైడ్, 2002 నాటిది. అది కూడా రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకి సరిగా పనిచెయ్యదు. కారణం ఇదొక్కటే అని నేననను. కానీ ఇది పెద్ద కారణం.

క్రిప్టోస్పోరిడియం హెచ్‌సీటీ-8 అనే మానవ పేగు కేన్సరు కణాల్లో పెరిగేది, కానీ మూడు రోజులకల్లా చతికిలపడేది. ఎందుకో 2019 దాకా సరిగా తేలలేదు. ఆ గిన్నెలో దాని ఆడ రూపాలూ మగ రూపాలూ వస్తున్నాయి, వాటి కలయిక మాత్రం జరగట్లేదు. కాబట్టి ప్రతిసారీ ఇన్ఫెక్షన్ సోకిన దూడల పేడలోంచి కొత్త సరుకు వడకట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాలి. 2015లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయం వాళ్ళు దాని జన్యువుల్ని క్రిస్పర్‌తో మార్చగలిగారు. ఎలాగో తెలుసా? పెంచే గిన్నె లేదు కాబట్టి ఎలుకలకి ఆపరేషన్ చేసి, మార్చిన పరాన్నజీవుల్ని నేరుగా చిన్నపేగులోకి ఎక్కించారు. 2018లో నెదర్లాండ్స్‌లోని హాన్స్ క్లెవర్స్ బృందం, వాళ్ళ తోటి శాస్త్రవేత్తలు కలిసి, మానవ మూలకణాల నుంచి పెంచిన బుల్లి పేగుల్లో ఈ పరాన్నజీవి జీవితచక్రం మొత్తం పూర్తయ్యేలా చేశారు. 2019లో సెయింట్ లూయిస్‌లో సిబ్లీ బృందం ఎలుక మూలకణాల పొర మీద దాన్ని ఎక్కువ కాలం పెంచింది.

ఇంత పట్టుదల ఎలా వచ్చిందో కూడా చూడాలి. 1993లో అమెరికాలో మిల్వాకీ ఊరి మంచినీళ్ళలో ఇదే క్రిప్టోస్పోరిడియం కలిసి సుమారు 4 లక్షల మంది మంచాన పడ్డారు. పేదదేశాల పిల్లలకి వచ్చినన్నాళ్ళూ పెద్దగా పట్టనిది, వాళ్ళ కుళాయిలో వచ్చేసరికి ముఖ్యమైపోయింది. అయినా మిల్వాకీ నుంచి బుల్లి పేగు దాకా 25 ఏళ్ళు పట్టింది. డబ్బున్న దేశానికే 25 ఏళ్ళు.

ఇక ఈహెచ్‌పీకి మనుషుల్లో ఒక దాయాది ఉంది, ఎంటెరోసైటోజూన్ బియెనూసి. 1985లో ఒక ఎయిడ్స్ రోగి పేగుల్లో బయటపడింది. అదీ గ్లైకాలిసిస్ పారేసుకున్న బాపతే. దాన్ని ల్యాబులో నిలకడగా, తరం తర్వాత తరం పెంచడం ఇప్పటికీ కొరకరాని కొయ్యే. ఇదే జాతిలో ఎన్‌సెఫాలిటోజూన్ లాంటివి కుందేలు మూత్రపిండం కణాల్లో, వెరో కణాల్లో బుద్ధిగా పెరుగుతాయి. వాటి మీద ఆల్బెండజోల్ బాగా పనిచేస్తుందని తెలుసు. బియెనూసి మీద అది అంతగా పనిచెయ్యదు. ఒకే జాతి, ఒకే గొట్టం, మందు దగ్గరికొచ్చేసరికి దారులు వేరు. "ఆ రకం మీద పనిచేసింది కదా, ఈ రకం మీద కూడా పనిచేస్తుందిలే" అని ఎవరైనా మీ గుంటకి డబ్బా అమ్మొస్తే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మైక్రోస్పోరిడియా మనకి దూరపు చుట్టం కూడా కాదు. హైదరాబాదు ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్ళు వానాకాలంలో కళ్ళలో దీన్ని ఎన్నోసార్లు పట్టుకుని ప్రచురించారు.

రొయ్యకి కణం లేదు

ఇప్పుడు మన గుంటల దగ్గరికొద్దాం. ల్యాబులో ఆగకుండా విభజన చెందుతూ పోయే కణాల వరసని సెల్ లైన్ అంటారు. మనిషిది హీలా, 1951. చేపది 1962. దోమది 1967. ఈ మూడోదాని దగ్గర కాస్త ఆగండి. ఆ ఏడిస్ దోమ కణాల్ని తయారుచేసింది మన పూనా వైరస్ పరిశోధన కేంద్రంలో, కె. ఆర్. పి. సింగ్ అనే మన శాస్త్రవేత్త. దాన్నుంచి తీసిన సీ6/36 అనే రకం మీదే ఇవాళ్టికీ ప్రపంచమంతా డెంగీ, చికున్‌గున్యా వైరస్‌లని పెంచుతోంది. అంటే మన దేశానికి ఈ పని చేతకాదని ఎవడూ అనలేడు. ఒకసారి చేసి చూపించాం.

రొయ్యది? 1980ల నుంచి ప్రపంచంలో ఎందరో ప్రయత్నిస్తున్నారు. గిన్నెలో వేసిన రొయ్య కణాలు కొన్నాళ్ళు బతుకుతాయి, విభజన మాత్రం చెందవు. కొందరు పెరుగుతున్నాయని సంబరపడితే, తీరా చూస్తే పెరిగింది గిన్నెలో దూరిన వేరే సముద్ర సూక్ష్మజీవి. కొచ్చిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు రొయ్య కణాన్ని పురుగు కణంతో కలిపి సంకరం కూడా చేశారు. అది మెచ్చుకోవాల్సిన పనే. కానీ ఏ ల్యాబ్ అడిగినా పంపగలిగిన, అందరూ ఒప్పుకుని వాడుకునే అసలు సిసలు రొయ్య సెల్ లైన్ కోసం చూపులు ఆగలేదు.

కాబట్టి ఈహెచ్‌పీ మీద ప్రయోగం అంటే బతికున్న రొయ్యలే గతి. రోగం ఉన్న రొయ్యల్నీ లేనివాటినీ ఒకే తొట్టిలో కలిపి ఉంచి రోగం పాకించే పద్ధతిని థాయిలాండ్ వాళ్ళు 2017లో పక్కాగా ప్రచురించారు. పని జరుగుతుంది గానీ నిదానంగా. వేల పదార్థాల్ని వరసగా వడపోసే పని దాంతో కాదు. ఆ తొట్టెల పద్ధతి కూడా మన జిల్లాలో రైతుకి అందుబాటులో ఉందా అంటే, నాకైతే ఎక్కడా కనపడలేదు.

నెల్లూరులో ఎంపెడా వాళ్ళ నాణ్యత ల్యాబ్ ఉంది. రొయ్యలో యాంటీబయాటిక్ అవశేషాలున్నాయా అని చూస్తుంది. మంచిదే, కావాల్సిందే. కానీ అది తినేవాడి కంచం కోసం. పెంచేవాడి గుంట కోసం అంత శ్రద్ధ ఎక్కడ?

డబ్బాల కథ

ఖాళీ ఉన్నచోటికి ఎవరో ఒకరు వస్తారు. ఇక్కడికి డబ్బాల వాళ్ళొచ్చారు. ఈహెచ్‌పీకి పొడి, ఈహెచ్‌పీకి ద్రావణం, వెల్లుల్లి సారం, ఆమ్లాలు, ప్రోబయోటిక్కులు. ప్రతి డబ్బా మీదా నిగనిగలాడే రొయ్య బొమ్మ.

మా చిన్నాయన సంగతే చెప్తాను. షాపు పేరు చెప్పను, అనవసరం. ఒక పంటలో కౌంట్ రావట్లేదని మూడు రకాల డబ్బాలు ఒకేసారి ఇచ్చారు. అదే వారంలో నీళ్ళు మార్చారు, మేత తగ్గించారు, వాతావరణం కూడా చల్లబడింది. పంట ఫరవాలేదనిపించింది. "చూసినావా అబ్బయా, మందు పని చేసినాది" అన్నారు. నేను "మందు వెయ్యని గుంట ఏమైంది చిన్నాయనా?" అని అడిగా. "వెయ్యని గుంట ఎందుకు పెడతార్రా ఎవురన్నా, పిచ్చోడా?" అన్నారు. తర్వాతి పంటకి అవే మూడు డబ్బాలు, అదే షాపు. కౌంట్ 90 దాటి కిందికి దిగలేదు. షాపాయన్ని అడిగితే "సీడ్ మంచిది కాదు సార్" అన్నాడు. గెలిస్తే మందు గొప్ప, ఓడితే సీడ్ తప్పు. ఇలాంటి లాజిక్‌తో కోడ్ రాస్తే మీ రివ్యూలో పాస్ చేస్తారా?

చిన్నాయనది తప్పనను. అయిదు లక్షల రూపాయల మేత నీళ్ళలో ఉన్నప్పుడు ఒక గుంటని మందు లేకుండా వదిలెయ్యమని రైతుకి చెప్పడం అన్యాయం. ఆ పని ల్యాబ్ చెయ్యాలి. ల్యాబ్ ఉండేదే అందుకు. నాలుగు తొట్లకి మందు, నాలుగు తొట్లకి ఉత్త మేత, ఒకే సీడ్, ఒకే నీళ్ళు, ఒకేలా సోకించిన రోగం. ముందూ తర్వాతా పీసీఆర్ లెక్క. మనం దీన్ని ఏ/బీ టెస్ట్ అని ఫ్యాషన్‌గా చెప్పుకుంటాం. బటన్ రంగు మార్చడానికి ఏ/బీ టెస్ట్ చేసే మనం, ఊరి అప్పుల విషయంలో నేరుగా ప్రొడక్షన్‌లో తోసేస్తున్నాం, రోల్‌బ్యాక్ కూడా లేకుండా.

డబ్బా మీద "తీర ఆక్వా అథారిటీ ధ్రువీకరణ" అని ఉంటే చాలామంది అది పనిచేస్తుందన్న హామీ అనుకుంటారు. అందులో యాంటీబయాటిక్కులు లేవన్నది ఒక సంగతి, అది ఈహెచ్‌పీని తగ్గిస్తుందన్నది వేరే సంగతి. మొదటిదానికి కాగితం ఉంది. రెండోదానికి కాగితం చూపించమని అడగండి, ఏం చూపిస్తారో చూద్దాం.

మీరనబోయే మాటలు

"ఏఐ ఉందిగా." ఉంది. ఆల్ఫాఫోల్డ్ గొప్పదే, 2024లో నోబెల్ కూడా వచ్చింది. కానీ అది నేర్చుకున్నది దేన్నుంచి? 1971 నుంచి ప్రపంచంలోని ల్యాబులన్నీ ఒక్కో ప్రొటీన్ ఆకారాన్నీ చెమటోడ్చి కొలిచి ఒకచోట దాచిన డేటాబ్యాంకు నుంచి. ముందు గిన్నెలూ పిప్పెట్లూ, ఆ తర్వాతే మోడల్. ఈహెచ్‌పీ గొట్టం రొయ్య కణం మీద దేన్ని పట్టుకుంటుందో కొలిచే కణాలే చేతిలో లేనప్పుడు, మోడల్ ఇచ్చే జవాబు నిజమో కాదో తేల్చేది ఎక్కడ? మళ్ళీ చిన్నాయన గుంటలోనే కదా.

"సెల్ లైన్ లేకుండానే పాశ్చర్ చెయ్యలేదా?" ఇది గట్టి ప్రశ్న, దీనికి మర్యాదగా జవాబు చెప్పాలి. పట్టుపురుగులకొచ్చే పెబ్రిన్ కూడా మైక్రోస్పోరిడియా రోగమే. 1860ల్లో పాశ్చర్ దానికి మందు కనిపెట్టలేదు. గుడ్లు పెట్టిన తల్లి చిలకని నూరి మైక్రోస్కోపులో చూసి, బీజాణువులుంటే ఆ గుడ్లు తగలబెట్టమన్నాడు. హిందూపురం, మదనపల్లె పట్టు రైతులకి గుడ్లిచ్చే కేంద్రాల్లో ఇవాళ్టికీ అదే పద్ధతి. అవును, రొయ్యకి కూడా ఈ రోజు మన చేతిలో ఉన్న మంచి ఆయుధం ఇదే. తల్లి రొయ్యకి, సీడ్‌కి పీసీఆర్. హేచరీలో తల్లి రొయ్యలకి పచ్చి సముద్రపు పురుగుల్ని మేపకపోవడం. పంటకీ పంటకీ మధ్య గుంట ఎండగట్టి, హెక్టారుకి 6 టన్నుల కాల్చిన సున్నం దున్ని తడిపి పీహెచ్ 12కి తేవడం.

కానీ ఆ పీసీఆర్ ఎలా చేస్తున్నాం? లెక్క మనకి తెలిసిందే. పది లక్షల సీడ్‌లో నూటికి ఒకదానికి రోగం ఉందనుకోండి, అంటే 10 వేలు. మీరు 20 పిల్లల్ని మాత్రమే పరీక్షకి ఇస్తే, ఒక్కటి కూడా పట్టుబడకుండా తప్పించుకునే అవకాశం 82 శాతం. 95 శాతం నమ్మకం కావాలంటే దాదాపు 300 పిల్లల్ని పరీక్షించాలి. పైగా పాత పద్ధతి పీసీఆర్ దగ్గరి చుట్టాల్ని చూసి కూడా ఈహెచ్‌పీ అనేస్తుంది. బీజాణువు గోడ జన్యువు మీద చేసే పరీక్ష నయమని 2016లోనే తేలింది. "నెగెటివ్" అన్న కాగితం చూసి గంతులేసే ముందు ఎన్ని పిల్లల మీద, ఏ జన్యువు మీద అని అడిగినవాళ్ళు మనలో ఎంతమంది?

ఇంకొకటి. పాశ్చర్ పద్ధతి రోగం రాకుండా ఆపుతుంది. వచ్చాక ఏం చెయ్యాలో చెప్పదు. పట్టుపురుగుల గదిని కడిగి ఆరబెట్టొచ్చు. బకింగ్‌హామ్ కాలవనీ ఉప్పుటేరునీ ఎవడు కడుగుతాడు? పక్క గుంట వదిలిన నీళ్ళే మన గుంటకొస్తాయి. అందుకే రెండూ కావాలి.

"రొయ్య కోసం అంత ఖర్చా?" మనం గర్వంగా చెప్పుకునే యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి చూడండి. బోదకాలుకి హెట్రజాన్ అనే మందు 1947లో ఆయన పరిశోధన విభాగం నుంచే వచ్చింది. మన కోస్తా ఊళ్ళలో పంచిన డీఈసీ మాత్ర అదే. ఆ మందు దొరకడానికి ఆయన మేధస్సు ఎంత కారణమో, లెడర్లీ కంపెనీ ల్యాబులో ఫైలేరియా లాంటి పురుగులు సోకించి పెంచిన పత్తి ఎలుకలు అంత కారణం. అవి లేకపోతే ఏ పదార్థం పనిచేస్తుందో తెలిసే దారే లేదు. మనం సుబ్బారావుగారికి దండలు వేస్తాం. ఆయనకి అమెరికాలో దొరికిన ఎలుకల గది లాంటిది ఇక్కడ కట్టమంటే మాత్రం దండగ ఖర్చు అంటాం.

ఏం చెయ్యాలి

ఊరికే ఏడ్చి వదిలెయ్యడం నాకు నచ్చదు. నా డిమాండ్లు నాలుగు.

1. ఈహెచ్‌పీ తగ్గిస్తానని రాసుకున్న ఏ డబ్బా అయినా, మందు వెయ్యని తొట్లతో పోల్చిన పరీక్ష ఫలితం బయటపెట్టాకే అమ్మాలి. ఓడిన పరీక్షలు కూడా బయటపెట్టాలి. రాష్ట్రం 2020లో ఆక్వా అభివృద్ధి అథారిటీకి చట్టం చేసింది, మేత నాణ్యతకి చట్టం చేసింది. ఇదొక్క నిబంధన చేర్చడం గగనకుసుమమేం కాదు. ప్రభుత్వ సంస్థ తెచ్చిన మందుకైనా, సందు చివర షాపు తెచ్చిన మందుకైనా ఒకటే రూలు.

2. రోగం సోకించి పరీక్షించే తొట్ల కేంద్రం ఒకటి ఈ తీరంలోనే పెట్టాలి. ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది, కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి పిల్లలకి తెలివి లేక కాదు, తొట్లూ పీసీఆర్ మిషన్లూ నడిపే డబ్బూ లేక. నీళ్ళు బయటకి పోకుండా కట్టుదిట్టంగా కట్టాలి, అది ఖర్చే. 4 వేల కోట్ల నష్టం ముందు ఆ ఖర్చు ఏ మూలకి?

3. రొయ్య సెల్ లైన్, రొయ్య బుల్లి పేగు మీద పదిహేనేళ్ళ పని. మూడేళ్ళ ప్రాజెక్టు, మూడో ఏట నివేదిక, నాలుగో ఏట జీతాల్లేవు అనే పద్ధతిలో ఇది జరగదు. సీబా, సీసీఎంబీ, కొచ్చిన్ లాంటివి కలిసి చెయ్యాలి. సెల్ లైన్ వచ్చిన మర్నాడే మందు వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. మందు వెతకడం మర్నాడు మొదలవుతుంది, అంతే. ఇప్పుడు అదీ లేదు.

4. ఇది మనకి. దయచేసి ఇంకో "స్మార్ట్ ఆక్వా యాప్" చెయ్యకండి. వాటిల్లో చాలావరకు డబ్బాలు అమ్ముకునే దుకాణాలే. చెయ్యగలిగితే ఊరికి ఒక బహిరంగ చిట్టా చెయ్యండి. ఏ గుంట, ఏ హేచరీ సీడ్, ఎన్ని పిల్లల మీద పీసీఆర్, ఏ రోజు ఏ డబ్బా, చివరికి ఎంత కౌంట్. పోయిన పంటలు ముందు రాయాలి. అది ల్యాబ్‌కి ప్రత్యామ్నాయం కాదు, ల్యాబ్ ముందు ఏది పరీక్షించాలో చెప్పే జాబితా మాత్రమే. మన చేతిలో ఉన్న విద్య అది. వారానికి రెండు గంటల పని.

ఇవన్నీ ప్రభుత్వం చేసేదాకా ఏం చెయ్యాలంటారా? పై పంటకి ఇంట్లోవాళ్ళు డబ్బు పంపమని ఫోన్ చేస్తే పంపండి, కాదనను. షాపాయన ఈహెచ్‌పీ డబ్బా బయటకి తీసినప్పుడు మాత్రం ఫోన్ ఆయనకిమ్మనండి. ఒక్కటే అడగండి: "మందు వెయ్యని తొట్లో రొయ్య ఎంత కౌంట్ వచ్చింది?" జవాబు చెప్పలేని డబ్బాకి ఒక్క రూపాయి కూడా పంపకండి.